కాంగ్రిగేషనల్ సంఘానికి దర్శన పత్రం రాయడం: నిబంధన, సభ్యుల ఓటు, ఆస్తి, పాత రికార్డులు

#1 మెర్రిమాక్_తీరం

అందరికీ వందనాలు. మసాచుసెట్స్‌లో ఒక చిన్న కాంగ్రిగేషనల్ సంఘం (పై అధికారం లేకుండా సభ్యులే నడుపుకొనే సంఘం) "మా దర్శనం, విలువలు, వారసత్వం" అనే రెండు పేజీల పత్రం తయారు చేస్తోంది. కమిటీలో ముగ్గురు తెలుగువాళ్లు ఉన్నారు. ఇద్దరు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) నుంచి వచ్చారు, ఒకరిది నెల్లూరు బాప్టిస్టు నేపథ్యం. బిషప్పు, డయాసిస్, పాస్టరేట్ కమిటీ అంటే వీళ్లకు తెలుసు. ఇక్కడి పద్ధతి మాత్రం కొత్త.

తెలుసుకోవలసినవి నాలుగు. విశ్వాస ప్రమాణం లేని సంఘానికి విలువలు ఎక్కడి నుంచి తీసుకోవాలి? ఆ పత్రాన్ని ఖాయం చేసేది ఎవరు? వారసత్వం అన్నప్పుడు ఏమేం రాయాలి? తెలుగు నేలకూ ఈ సంఘాలకూ నిజంగా ఉన్న సంబంధం ఎంత?

#2 పాత_మినిట్స్

మొదట మీ సంఘ నిబంధన, అంటే సభ్యులు చేసుకున్న ఒడంబడిక (కవనెంట్), దొరకబుచ్చుకోండి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఈ సంప్రదాయంలో సంఘం పుట్టేది భవనంతోనో బిషప్పు చేతులుంచడంతోనో కాదు. కొంతమంది విశ్వాసులు దేవుని ఎదుట ఒకరికొకరు మాట ఇచ్చుకుంటే అది సంఘం అవుతుంది. 1629లో మసాచుసెట్స్‌లోని సేలంలో చేసుకున్న నిబంధన ఒక్క వాక్యం. ప్రభువుతోనూ, ఒకరితో ఒకరమూ నిబంధన చేసుకుంటున్నాం, ఆయన తన సత్యవాక్యంలో మాకు తెలియజేసే కొలదీ ఆయన మార్గాలన్నిటిలో కలిసి నడుస్తాం అని దాని సారం. త్రిత్వం గురించి గానీ బాప్తిస్మం గురించి గానీ అందులో ఒక్క మాటా లేదు. "తెలియజేసే కొలదీ" అన్న చోట తలుపు తెరిచి ఉంచారు. ఇంకా నేర్చుకోవలసింది ఉందని ఒప్పుకుంటూనే కలిసి నడుస్తామన్నారు.

దీన్నిబట్టి సిద్ధాంతం లేదనుకోవద్దు. 1658 నాటి సావోయ్ ప్రకటన ఉంది, 1913 నాటి కాన్సాస్ సిటీ ప్రకటన ఉంది. వీళ్లు వాటిని విశ్వాసానికి సాక్ష్యంగా పెట్టుకుంటారు, లోపలికి రావడానికి పరీక్షగా పెట్టరు.

వెతకవలసిన చోట్లు: పాత రికార్డు పుస్తకం మొదటి ఐదారు పేజీలు, సభ్యుల రిజిస్టర్ అట్ట లోపలి వైపు, శతాబ్ది ఉత్సవాలకు అచ్చు వేసిన చిన్న పుస్తకాలు. సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ పాఠాలు దొరుకుతాయి. వాటిని పక్కపక్కన నిలువు వరసల్లో టైపు చేయండి. ఏ మాట ఎప్పుడు చేరిందో, ఏది ఎప్పుడు పోయిందో గీత గీసి గుర్తు పెట్టండి. 1830ల తర్వాత చాలా సంఘాల నిబంధనల్లో మద్యం ముట్టం అన్న ప్రమాణం చేరింది, తర్వాత నిశ్శబ్దంగా జారిపోయింది. విలువల చరిత్ర అంటే ఇలాంటి చేర్పులూ కొట్టివేతలే.

#3 కడప_నాపరాయి

సీఎస్ఐ వాళ్లకు తేడా తేలిగ్గా పట్టుబడాలంటే మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. పాస్టరును ఎవరు పంపుతారు? ఆస్తి పత్రం ఎవరి పేరున ఉంది? పై సభ చేసిన తీర్మానం మనల్ని కట్టేస్తుందా?

సీఎస్ఐలో గురువు బదిలీ డయాసిస్ చేతిలో ఉంటుంది. ఆస్తి చాలామటుకు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటుంది. కాంగ్రిగేషనల్ పద్ధతిలో పాస్టరును సంఘ సభ్యులే ఓటు వేసి పిలుస్తారు, భవనం ఆ స్థానిక సంఘానిదే. మీది యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ (యూసీసీ)లో ఉన్న సంఘమైతే జాతీయ సభ స్థానిక సంఘాలతో మాట్లాడుతుంది, వాటి తరఫున మాట్లాడదు. అక్కడి తీర్మానాన్ని మీ సంఘం స్వీకరించవచ్చు, పక్కన పెట్టవచ్చు.

ముందు మీ సంఘం ఏ కూటమిలో ఉందో కనుక్కోండి. 1957 జూన్‌లో క్లీవ్‌లాండ్‌లో యూసీసీ ఏర్పడినప్పుడు ఆ విలీనం వద్దన్న సంఘాలు విడిగా నిలిచాయి. 1948లో ఒక సమాఖ్య, 1955లో మరొకటి వచ్చాయి. బోర్డు మీద "కాంగ్రిగేషనల్" అన్న పేరు ఈ మూడింట్లో దేనికైనా ఉండవచ్చు.

#4 క్లర్క్_బల్ల

రెండో ప్రశ్నకు జవాబు: సంఘ సభ. కమిటీ రాస్తుంది, డీకన్లు (సంఘం ఎన్నుకున్న పరిచారకులు) చూస్తారు, ఖాయం చేసేది మాత్రం సభ్యుల ఓటు. పాస్టరు ఒక్కరే రాసి చదివేస్తే అది ప్రసంగం అవుతుంది గానీ సంఘ పత్రం కాదు.

సభ జరిగే తీరు ఇది. మీ బైలాస్‌లో (సంఘ నియమావళిలో) వేరే మాట ఉంటే అదే చెల్లుతుంది.

సభ పిలుపు ముందుగా, చాలా చోట్ల రెండు ఆదివారాల ముందు, ఆరాధనలో చదివి తలుపు దగ్గర అంటించాలి. ఏ అంశం మీద ఓటు అడుగుతున్నారో పిలుపులో ఒక్కొక్కటిగా రాయాలి. అందులో లేని అంశం మీద వేసిన ఓటు నిలవదు. "ఇతర విషయాలు" అని చివర రాసి దాని కింద దర్శన పత్రాన్ని ఆమోదింపజేస్తే, తర్వాత ఒక్కరు అభ్యంతరం చెప్పినా మొదటికొస్తుంది.

సభను నడిపేది మోడరేటర్. న్యూ ఇంగ్లాండ్‌లో చాలాచోట్ల పాస్టరు ఆ కుర్చీలో కూర్చోరు, సభ్యుల్లో ఒకరిని ఎన్నుకుంటారు. పాస్టరు జీతం, పాస్టరు నడిపే దిశ చర్చకు వచ్చినప్పుడు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

క్లర్కు మినిట్స్‌లో రాయవలసినవి: తేదీ, చోటు, హాజరైన ఓటర్ల సంఖ్య, కోరం (సభ చెల్లడానికి కావలసిన కనీస హాజరు) ఉందన్న వాక్యం, తీర్మానం పూర్తి పాఠం, ప్రతిపాదించిన వారు, బలపరచిన వారు, అటు ఎన్ని, ఇటు ఎన్ని. "ఏకగ్రీవంగా" అని రాసేటప్పుడు ఓటు వేయని వాళ్లున్నారా లేదా చూసుకోండి. వంద ఏళ్ల తర్వాత చదివేవాడికి ఆ పేజీ తప్ప ఇంకేమీ ఉండదు.

ఈ ఓటుకు ఎంత బలం ఉందో జోనాథన్ ఎడ్వర్డ్స్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. అమెరికాలో అంత పేరున్న వేదాంతి మరొకరు లేని రోజుల్లో, నార్తాంప్టన్ సంఘం ఆయనను 1750 జూన్‌లో ఓటు వేసి పంపించేసింది. ప్రభు బల్లలో పాలు ఎవరికి అన్నదే తగాదా. ఆయన తాత సాలమన్ స్టాడర్డ్ వెడల్పు చేసిన తలుపును ఈయన ఇరుకు చేయాలన్నారు. పొరుగు సంఘాల ప్రతినిధుల సలహా సభ ఒక్క ఓటు తేడాతో విడిపోమంది, సంఘంలో ఆయన వైపు నిలిచింది 23 మంది. సభ్యులు పొరబడవచ్చు కూడా. అది తెలిసే వీళ్లు ఈ పద్ధతిని పట్టుకున్నారు.

#5 మెర్రిమాక్_తీరం

చాలా ఉపయోగం. కోరం విషయం కాస్త విడమరచి చెప్పండి. పట్టికలో పేర్లు చాలా ఉన్నాయి, ఆదివారం కనిపించేది అందులో చిన్న భాగం.

#6 క్లర్క్_బల్ల

ఎక్కువ సంఘాలు తడబడేది ఇక్కడే. ఉదాహరణకు బైలాస్‌లో కోరం 20 శాతం అనుకోండి. పట్టికలో 300 పేర్లుంటే 60 మంది రావాలి. ఆదివారం వచ్చేది 45 మందైతే మీరు సభ జరుపుకోలేరు. అదే పట్టికను సవరించి చురుకైన సభ్యులు 180 అని తేలితే 36 మందితో సరిపోతుంది.

కాబట్టి దర్శన పత్రం కంటే ముందు సభ్యుల పట్టిక పని పెట్టుకోండి. ప్రతి పేరు ఎదుట ఎలా చేరారో ఉండాలి: బాప్తిస్మం, విశ్వాసపు ఒప్పుకోలు, వేరే సంఘం నుంచి బదిలీ పత్రం. ఎలా వెళ్లారో కూడా ఉండాలి: మరణం, బదిలీ, సొంత కోరిక. జాడ తెలియని వాళ్లకు ఉత్తరం రాసి, బైలాస్‌లో చెప్పిన గడువు ఆగి, డీకన్ల సిఫారసుతో నిష్క్రియ జాబితాలోకి మార్చాలి. ఓటుకు ముందు రోజు పేర్లు తీసేస్తే అది పట్టిక సవరణ కాదు, ఓటర్ల తొలగింపు. కనీసం ఒక వార్షిక సభ ముందుగానే ఆ పని ముగించండి.

తెలుగువాళ్లకు ఒక మాట. ఊళ్లో పేరు అలాగే ఉంచి ఇక్కడ కూర్చునే వాళ్లు చాలామంది ఓటు ఉందనుకుంటారు. హాజరు వేరు, సభ్యత్వం వేరు. మీ పాత సంఘం నుంచి సభ్యత్వ బదిలీ పత్రం తెప్పించండి. అది రాకపోతే విశ్వాసపు ఒప్పుకోలు మీద చేర్చుకుంటారు.

#7 బ్యాక్‌బే_ఇటుక

దర్శనం, విలువలు, వారసత్వం మూడూ ఒకే ఓటులో ఢీకొన్న ఉదాహరణ కావాలంటే బోస్టన్ ఓల్డ్ సౌత్ చర్చి చూడండి.

ఆ సంఘం పుట్టుకే ఒక నిబంధన తగాదా. 1662 సినడ్ (సంఘాల ప్రతినిధుల సభ) "సగం నిబంధన"కు అనుమతి ఇచ్చింది. అంటే బాప్తిస్మం పొందినా తమ మారుమనసు అనుభవాన్ని సంఘం ఎదుట చెప్పుకోలేని తల్లిదండ్రుల పిల్లలకు కూడా బాప్తిస్మం ఇవ్వవచ్చు. బోస్టన్ మొదటి సంఘం దాన్ని వ్యతిరేకించే జాన్ డావెన్‌పోర్టును పాస్టరుగా పిలిచింది. అది నచ్చనివాళ్లు విడిపోయి 1669లో మూడో సంఘం పెట్టుకున్నారు. అదే తర్వాత ఓల్డ్ సౌత్ అయింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు బాప్తిస్మం ఇచ్చింది ఈ సంఘంలోనే. 1729లో కట్టిన వాళ్ల మీటింగ్ హౌస్‌లోనే 1773 డిసెంబరు 16న టీ పన్ను మీద, బోస్టన్ టీ పార్టీకి దారితీసిన ఆ పెద్ద సభ జరిగింది. 1775లో బ్రిటిష్ సైన్యం బెంచీలు పీకేసి దాన్ని గుర్రపు స్వారీ శాలగా మార్చింది.

ఇక పుస్తకం సంగతి. 1718 నుంచి 1758 దాకా అక్కడ సేవ చేసిన థామస్ ప్రిన్స్ అనే పాస్టరు వలస కాలపు పుస్తకాలు కూడబెట్టి సంఘానికి వదిలి వెళ్లారు. అందులో 1640లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో అచ్చయిన బే సామ్ బుక్ (కీర్తనల పుస్తకం) ప్రతులున్నాయి. ఇప్పటి అమెరికా నేల మీద అచ్చయి నేటికి మిగిలిన మొదటి పుస్తకం అది. దాదాపు 1,700 ప్రతులు వేస్తే మిగిలినవి 11. 2013 దాకా వాటిలో రెండు ఈ సంఘానివి. వాటిని బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో భద్రపరచి ఉంచారు.

2012 డిసెంబరు 2న సంఘ సభ కూర్చుని, ఒక ప్రతిని అమ్మే అధికారం ఇవ్వాలా అని ఓటు వేసింది. 271 మంది అవునన్నారు, 34 మంది కాదన్నారు. 2013 నవంబరులో న్యూయార్క్ వేలంలో అది 1,41,65,000 డాలర్లు పలికింది. అచ్చు పుస్తకానికి అప్పటిదాకా వేలంలో ఎన్నడూ రాని ధర.

గమనించవలసింది ఏమిటంటే, పై నుంచి ఒక్క అనుమతీ అక్కర్లేకపోయింది. బిషప్పు సంతకం లేదు, డయాసిస్ తీర్మానం లేదు. మూడు వందల మంది సభ్యులు తమ పెద్దలిచ్చిన సొత్తును ఏం చేయాలో తామే తేల్చుకున్నారు. డబ్బు పరిచర్యకూ భవనానికీ వెళ్లింది. రెండో ప్రతి సంఘానికే ఉంది. నా ఉద్దేశంలో అది సరైన ఓటు.

#8 తాళపత్రం

గౌరవంతోనే విభేదిస్తున్నాను. విధానం సక్రమం, నిర్ణయం కాదు. ప్రిన్స్ ఆ పుస్తకాలు పోగు చేసింది ధర పెరిగాక అమ్ముకోవడానికి కాదు. దాత ఉద్దేశం ఓటుతో మాసిపోదు. ఒకసారి వారసత్వ వస్తువు భవనం మరమ్మతుకు వెళ్తే, తర్వాతి పైకప్పుకు తర్వాతి వస్తువు వెళ్తుంది. కాదన్న ఆ 34 మందిని మీ పత్రంలో మరచిపోవద్దు. వాళ్లదీ నిబంధన పట్ల నమ్మకమే.

#9 బ్యాక్‌బే_ఇటుక

దాత ఉద్దేశం మాట న్యాయమైనది. అందుకే వీలునామాలో "అమ్మరాదు" అన్న షరతు ఉందా లేదా అన్నది మొదట లాయరుతో చూపించుకోవాలి. షరతు ఉంటే సభ్యుల ఓటు దాన్ని దాటలేదు.

కానీ భవనం మరమ్మతు అంటే చిన్న చూపు వద్దు. ఓల్డ్ సౌత్ ఇప్పుడున్నది కాప్లీ స్క్వేర్‌లో, 1875 నాటి గోతిక్ కట్టడంలో. ఆ బ్యాక్‌ బే ప్రాంతం అంతా పూడ్చిన నేల. భవనాలన్నీ కర్ర గుంజల మీద నిలబడ్డాయి. గుంజ నీటిలో మునిగి ఉన్నంతకాలం చెక్కు చెదరదు. భూగర్భ జలం తగ్గి తల భాగానికి గాలి తగిలిందా, అక్కడి నుంచి పుచ్చడం మొదలవుతుంది. మొదటి గోపురం పక్కకు వాలిపోతే 1930ల్లో విప్పేసి కొత్తది కట్టారు. ఆ చర్చి పక్కనే బోస్టన్ మారథాన్ ముగింపు గీత. 2013 బాంబు దాడి తర్వాతి ఏడాది పరుగు పెట్టేవాళ్లకు చేతి అల్లిక మఫ్లర్లు చుట్టి పంపింది ఈ సంఘమే. తలుపు తెరిచి ఉంచడానికి గుంజలు గట్టిగా ఉండాలి.

#10 తాళపత్రం

ఆ మఫ్లర్ల పని నాకూ ఇష్టం. పుస్తకం మీద నా మాట మాత్రం మార్చుకోను.

#11 పాత_మినిట్స్

ఆస్తి మాట వచ్చింది కాబట్టి డెడమ్ కేసు తప్పక తెలియాలి. మసాచుసెట్స్‌లో 1833 దాకా ఊరి పన్నుతో సంఘాలు నడిచేవి. ప్రతి చోటా రెండు శరీరాలు ఉండేవి: ఊళ్లో పన్ను కట్టేవాళ్లందరి పారిష్, అందులో నిబంధన చేసుకున్న సభ్యుల చర్చి. డెడమ్‌లో 1818లో పారిష్ ఒక ఉదారవాద పాస్టరును పిలిచింది. చర్చి సభ్యుల్లో ఎక్కువమంది వద్దన్నారు. 1820లో కోర్టు పారిష్ పక్షాన తీర్పు చెప్పింది. సభ్యుల్లో ఎక్కువమంది బయటకు వెళ్లినా సరే, పారిష్‌తో ఉండిపోయిన భాగమే చట్టం దృష్టిలో చర్చి, ఆస్తి దానిదే అంది. బయటికి వచ్చినవాళ్లు ఎదురుగా ఇంకో గుడి కట్టుకున్నారు. ఆ రాష్ట్రంలో చాలా ఊళ్లలో ఇదే కథ నడిచింది. పచ్చిక బయలుకు ఒక పక్క యూనిటేరియన్ (త్రిత్వాన్ని ఒప్పుకోని ఉదారవాద పక్షం), ఇంకో పక్క కాంగ్రిగేషనల్ సంఘం కనిపిస్తే కారణం ఇదే. సేలం మొదటి సంఘం, ప్లిమత్ మొదటి సంఘం రెండూ నేడు యూనిటేరియన్ పక్షానే ఉన్నాయి. కాబట్టి "మేఫ్లవర్ సంఘం మాదే" (యాత్రికులు ప్లిమత్ వచ్చిన ఓడ మేఫ్లవర్) అని రాసే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

దీనివల్ల రికార్డులు కూడా రెండు వరసలు. పాస్టరు జీతం, బెంచీల అమ్మకం, పైకప్పు ఖర్చు పారిష్ లేదా సొసైటీ పుస్తకాల్లో ఉంటాయి. బాప్తిస్మాలు, సభ్యత్వం, క్రమశిక్షణ చర్చి పుస్తకాల్లో ఉంటాయి. ఒక వరస మాత్రమే చూసి చరిత్ర రాస్తే సగమే దొరుకుతుంది.

#12 గుత్తి_రోడ్డు

నాలుగో ప్రశ్నకు వస్తాను. సంబంధం ఉంది, కానీ అది బోస్టన్ నుంచి నేరుగా కాదు, లండన్ మీదుగా.

లండన్ మిషనరీ సొసైటీ 1795లో పుట్టింది. నడిపినవాళ్లలో, డబ్బిచ్చినవాళ్లలో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ వాళ్లు. జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. కడపలో ఆ సొసైటీ పని 1822లో మొదలైంది. తర్వాత గుత్తి, జమ్మలమడుగు వైపు విస్తరించింది.

అయితే వీళ్లు తెలుగు నేల మీద కాంగ్రిగేషనల్ పాలనను అచ్చంగా నాటలేదు. సొసైటీ 1796లోనే ఒక మూలసూత్రం పెట్టుకుంది: ఏ సంఘ పాలనా పద్ధతినీ ఎగుమతి చేయం, సువార్తనే తీసుకెళ్తాం, ఎలాంటి పాలన కావాలో అక్కడి విశ్వాసులే తేల్చుకుంటారు అని. ఇది ఎంతో ఉదాత్తమైన మాట. ఆచరణలో జీతాలిచ్చేది మిషన్ కాబట్టి పల్లె సంఘం సొంతంగా ఉపదేశిని పిలుచుకోవడం, పంపడం కుదరలేదు. ఆ మూలసూత్రం ఫలించిన చోటు వేరే ఉంది. 1908లో కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి సౌత్ ఇండియా యునైటెడ్ చర్చ్ అయ్యాయి. అదే ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్ఐ అయింది. బిషప్పుల వ్యవస్థలో చేరడానికి కూడా వెనుకాడనంతగా ఐక్యతను కోరుకున్నారు. మీ కమిటీలో సీఎస్ఐ వాళ్లది రాయలసీమ వైపు అయితే వాళ్ల వెనుక ఈ చరిత్ర ఉండే అవకాశం ఎక్కువ.

నెల్లూరు బాప్టిస్టు సభ్యులకు సంబంధం మరో దారిలో ఉంది. 1812 ఫిబ్రవరి 6న సేలంలోని టాబర్నకుల్ చర్చిలో అడోనిరామ్ జడ్సన్‌తో సహా ఐదుగురికి అభిషేకం చేసి పంపింది కాంగ్రిగేషనల్ వాళ్లే. కలకత్తా చేరేసరికి జడ్సన్ బాప్తిస్మం విషయంలో మనసు మార్చుకుని బాప్టిస్టు అయ్యారు. ఆయన వెనుక నిలబడటానికి అమెరికా బాప్టిస్టులు 1814లో ఒక సంస్థగా ఏర్పడ్డారు. ఆ సంస్థ పంపిన శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగి, 1840లో నెల్లూరు చేరారు. సేలం నుంచి నెల్లూరు దాకా దారం ఉంది, మధ్యలో ఒక ముడితో.

దీన్ని మించి లాగవద్దు. గుంటూరు లూథరన్లు, బందరు చర్చి మిషనరీ సొసైటీ, కాకినాడ కెనడియన్ బాప్టిస్టులు వేరే వేళ్ల నుంచి వచ్చినవారు.

#13 కడప_నాపరాయి

గుత్తి_రోడ్డు గారి మాటకు చిన్న చేర్పు. లండన్ మిషన్ ఉత్తరాలు, వార్షిక నివేదికలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. దక్షిణాది సంఘాల పత్రాలు బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో కొన్ని దొరుకుతాయి. బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు మాత్రం చాలామటుకు ఆయా సంఘాల బీరువాల్లోనే. అవి చెదల పాలు కాకముందే ఫొటో తీయించాలి.

#14 తాళపత్రం

రిజిస్టర్ల సంగతి వచ్చింది కాబట్టి, రికార్డులు ముట్టుకునే ముందు ఇవి తెలుసుకోండి.

చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయవద్దు. దాని జిగురు కొన్నేళ్లకు పసుపు పచ్చగా మారి కాగితంలోకి దిగుతుంది, తీస్తే అక్షరంతో సహా వస్తుంది. లామినేషన్ అంతకన్నా చేటు. రబ్బరు బ్యాండు, తుప్పు పట్టే పిన్నులు తీసేయండి. పుస్తకం దగ్గర పెన్సిలే వాడండి. ఆమ్లం లేని పెట్టెల్లో పడుకోబెట్టండి. బేస్‌మెంటూ వద్దు, గోపురం గదీ వద్దు: ఒక చోట నీరు, ఇంకో చోట వేడి. 20 డిగ్రీల సెల్సియస్ దాపున, తేమ 35 నుంచి 50 శాతం మధ్య, అన్నిటికంటే ముఖ్యంగా ఎగుడుదిగుళ్లు లేకుండా.

స్కాన్ చేస్తే చేతిరాత పేజీలకు 400 డీపీఐ, పాత ఫొటోలకు 600. టిఫ్ ఫైలు మూలప్రతిగా ఉంచి, చూడటానికి పీడీఎఫ్ చేయండి. మూడు చోట్ల ఉంచండి, ఒకటి భవనం బయట. 19వ శతాబ్దపు ఇనుప సిరా కాగితాన్ని కొరికేస్తుంది. అక్షరాల చోట రంధ్రాలు కనిపిస్తే పేజీ తిప్పడం ఆపి నిపుణులను పిలవండి.

బోస్టన్ బీకన్ స్ట్రీట్‌లోని కాంగ్రిగేషనల్ గ్రంథాలయం 1853 నుంచి ఉంది. న్యూ ఇంగ్లాండ్ పాత సంఘాల రికార్డులను స్కాన్ చేసి ఉచితంగా చూడనిచ్చే పని చాలాకాలంగా నడుపుతోంది. మీ సంఘం పుస్తకాలు అక్కడ ఇప్పటికే ఉన్నాయేమో ముందు అడగండి. అక్కడ జమ చేసినా యాజమాన్యం సంఘానిదేనా అన్నది ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోండి.

#15 పాత_మినిట్స్

వారసత్వం రాసేటప్పుడు మెరిసేవి మాత్రమే ఏరుకోవద్దు. ఓల్డ్ సౌత్‌నే తీసుకోండి. సేలం మంత్రగత్తెల కేసుల్లో న్యాయమూర్తిగా కూర్చున్న శామ్యూల్ సీవాల్ ఆ సంఘ సభ్యుడు. 1697 జనవరి 14 ఉపవాస దినాన ఆయన తన బెంచీలో లేచి నిలబడితే, పాస్టరు ఆయన ఒప్పుకోలు చీటీని సంఘం ఎదుట చదివారు. ఆ నింద, ఆ అవమానం తన మీద వేసుకుంటున్నానని అందులో రాశారు. 1700లో బానిసత్వానికి వ్యతిరేకంగా కరపత్రం అచ్చు వేయించారు. అదే సంఘంలో 1771లో కవయిత్రి ఫిలిస్ వీట్లీ సభ్యురాలైంది. అప్పటికి ఆమె ఇంకా బానిసే. ప్రభు బల్ల దగ్గర సోదరి, ఇంటికి వెళ్తే సొత్తు. సభ్యుల పుస్తకంలో ఆమె పేరు ఉందని గర్వపడేటప్పుడు ఈ రెండో సగం కూడా రాయాలి. నార్తాంప్టన్ ఎడ్వర్డ్స్ ఇంట్లోనూ బానిసలున్నారు.

మీ పాత రిజిస్టర్లలో ఇంటిపేరు లేకుండా ఒక్క పేరు, పక్కన "ఫలానా వారి సేవకురాలు" అని కనిపిస్తే ఆగి చూడండి. ఆ మాట వెనుక బానిసత్వం ఉండే అవకాశం ఎక్కువ. పన్ను జాబితాలు, వీలునామాల జాబితాలతో పోల్చి నిర్ధారించుకున్నాకే రాయండి.

గర్వపడదగ్గవీ ఉన్నాయి. 1853 సెప్టెంబరు 15న న్యూయార్క్ రాష్ట్రం సౌత్ బట్లర్‌లోని చిన్న కాంగ్రిగేషనల్ సంఘం ఆంటోనెట్ బ్రౌన్ అనే స్త్రీకి పాస్టరుగా అభిషేకం ఇచ్చింది. ఏ పై సభ అనుమతీ కోసం ఆగక్కర్లేకపోవడమే ఆ చిన్న సంఘానికి ఆ ధైర్యం ఇచ్చింది.

#16 మెర్రిమాక్_తీరం

అందరికీ కృతజ్ఞతలు. చిత్తు ప్రతిలోని మూడు వాక్యాలు పెడుతున్నాను, కోసి చూపండి.

1. మేము అందరినీ ప్రేమతో స్వాగతించే సంఘం.
2. యాత్రికుల కాలం నుంచి స్వేచ్ఛకు నిలయం.
3. రాబోయే తరాలకు వెలుగుగా ఉండటమే మా దర్శనం.

#17 క్లర్క్_బల్ల

మూడూ ఏ సంఘం గోడ మీదైనా అతికే వాక్యాలు. ఒక్కోదానికీ ఒక పరీక్ష పెట్టండి: దీన్ని మేం పాటించలేదని ఎవరైనా నిరూపించగలరా? నిరూపించలేనిది వాగ్దానం కాదు, నిబంధన ఒక వాగ్దానం.

మొదటిది ఇలా మార్చవచ్చు: "బాప్తిస్మం పొందినవారికైనా, ఇంకా వెతుకుతున్నవారికైనా మా ప్రభు బల్ల తెరిచి ఉంటుంది. సభ్యులందరికీ సంఘ సభలో సమాన ఓటు ఉంటుంది." ముందు మీ సంఘం నిజంగా అలా చేస్తోందా చూడండి. ప్రభు బల్ల విషయంలో డీకన్లు ఒప్పుకోకపోతే ఆ చర్చ ఇప్పుడే జరగనివ్వండి.

రెండోది తీసేయండి. దాని బదులు మీ సంఘం నిబంధన సంవత్సరం, మొదట సంతకం చేసినవారి సంఖ్య, పొరుగు సంఘాల్లో ఏవి వచ్చి సహవాసపు కుడిచేయి ఇచ్చాయి (మిమ్మల్ని తోటి సంఘంగా గుర్తించాయి) అన్నవి రాయండి. ఈ చివరిది చాలామంది మరచిపోతారు. 1648 కేంబ్రిడ్జి ప్లాట్‌ఫాం (సంఘ పాలన మీద న్యూ ఇంగ్లాండ్ సంఘాలు రాసుకున్న పత్రం) సంఘాలకు స్వయంపాలన ఇస్తూనే, ఒకదానినొకటి పట్టించుకోవడం, సలహా అడగడం, హెచ్చరించడం, ప్రభు బల్లలో పాలు పంచుకోవడం, సభ్యులను సిఫారసు చేయడం, అవసరంలో ఆదుకోవడం అని ఆరు బాధ్యతలు పెట్టింది. ఒంటరిగా ఉండే హక్కు ఈ సంప్రదాయంలో ఎన్నడూ లేదు.

మూడోదానికి బడ్జెట్ తెరవండి. గత ఐదేళ్ల ఖర్చు నాలుగు గడుల్లో వేయండి: జీతాలు, భవనం, పిల్లలు యువత, బయటివారికి ఇచ్చింది. ఇచ్చింది రూపాయిలో ఐదు పైసలుంటే, దాన్ని పదికి ఎన్నేళ్లలో తీసుకెళ్తారో రాయండి. అదే దర్శనం.

#18 గుత్తి_రోడ్డు

తెలుగు సభ్యుల ప్రస్తావన ఒక పేరాగా చేర్చమని నా మనవి. "వివిధ సంస్కృతులు" అనే మాట కాకుండా, 1812 సేలం, 1840 నెల్లూరు, 1822 కడప అని ఊరూ ఏడూ వేసి రాయండి. కుటుంబాల వివరాలు మాత్రం వాళ్ల అనుమతితోనే.

#19 క్లర్క్_బల్ల

క్రమం కూడా చెప్పేస్తాను. ఒకే సభలో చదివి ఓటు అడగవద్దు. మొదటి సభ చర్చకు మాత్రమే. పత్రాన్ని పంక్తి సంఖ్యలతో అచ్చు వేసి పంచండి, సవరణలు రాతపూర్వకంగా రెండు వారాల్లో తీసుకోండి. చేర్చుకోని సవరణలకు ఎందుకు చేర్చుకోలేదో ఒక్కో వాక్యం జవాబు రాసి తలుపు దగ్గర పెట్టండి. అభిప్రాయం ఏమైందో తెలియకపోతే ఆ మనిషి వ్యతిరేక ఓటు వేస్తాడు. రెండో సభ పిలుపులో ఆఖరి పాఠం మొత్తం ఉండాలి. సభలో అక్షర దోషాలు తప్ప ఇంకేమీ మార్చకూడదని మొదటే తీర్మానించుకోండి, లేకపోతే మూడు వందల మంది కలిసి ఒక వాక్యం రాయడం మొదలవుతుంది.

నిబంధనను మార్చకుండా దాని మీద ఆధారపడిన పత్రం అయితే సాధారణ మెజారిటీ సరిపోవచ్చు. నిబంధన మాటలే మారుస్తుంటే బైలాస్ సవరణకు ఉన్న మూడింట రెండు వంతులు కావాలేమో చూడండి. బ్యాలెట్ చీటీలు లెక్కించడానికి కమిటీలో లేని ఇద్దరిని పెట్టండి. ఆమోదం పొందిన పాఠాన్ని, ఓట్ల లెక్కతో సహా, క్లర్కు సంతకంతో ఆ రోజు మినిట్స్‌కే జత చేయండి.

#20 మెర్రిమాక్_తీరం

సభ్యుల పట్టిక పని వచ్చే ఆదివారం డీకన్ల ముందు పెడుతున్నాం. పాత నిబంధన పాఠాలు దొరికాక పక్కపక్కన టైపు చేసి ఇక్కడ పెడతాం.